ఇరవై అయిదో చిప్పు

ఆదివారం ఉదయం ఏడున్నరకి పెద్దల్లుడి పథకం చాలా సాదాగా ఉంది. తొమ్మిదింటికి మెషీన్ మీద దుమ్ము తుడవాలి. మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. మూడున్నరకి దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న మామగారి రేడియో షాపుకి వెళ్లాలి. నాలుగింటికి తోడల్లుణ్ణి ఓడించాలి.

అతను లిఫ్టుల మెకానిక్. వారంలో ఆరు రోజులు ఎవరెవరో ఇరుక్కుపోయిన లిఫ్టుల తలుపులు తెరుస్తాడు. మిగిలిన సమయమంతా తన మెషీన్‌కి ఇస్తాడు. అది ఒక పలక మీద వరసగా అమర్చిన పదహారు చిప్పుల కంప్యూటరు. ఒక్కో చిప్పుకీ ఇరవై ఎనిమిది కాళ్లు, పక్కన బియ్యపు గింజంత ఎర్ర దీపం. విడిగా చూస్తే ప్రతి చిప్పూ ఏ వాషింగ్ మెషీన్‌నో నడుపుకుంటూ బతికే బుల్లి కంప్యూటరే. ఒకే తీగకి కట్టి, ఒక పెద్ద లెక్కని ముక్కలు చేసి పంచితే, అన్నీ కలిసి ఒక్క పెట్టున లాగేస్తాయి. ముక్కలు పంచి, జవాబులు వసూలు చేసే చిప్పుని అతను మేస్త్రీ అంటాడు. మిగతావి కూలీలు.

ఈ పిచ్చి ముందు పట్టింది పెద్దల్లుడికే. మూడు నెలల తర్వాత, తూకం మెషీన్లు బాగుచేసే చిన్నల్లుడికీ పట్టింది. దాన్ని చిన్నల్లుడు అభిరుచి అంటాడు. పెద్దల్లుడు దొంగతనం అంటాడు, భార్య ఒక్కతే వింటున్నప్పుడు.

మామగారు చూపు మందగించి షాపు మూసేస్తున్నారు. అందులో ఉన్నవాటిలో అల్లుళ్లిద్దరి కళ్లూ పడ్డది ఒక్కదాని మీదే. ఆసిలోస్కోపు. తీగలో పరిగెత్తే కరెంటుని పచ్చటి గీతగా గీసి చూపించే బరువైన పాత పెట్టె. చిప్పులతో కుస్తీ పట్టేవాడికి అది మూడో కన్ను. ఇద్దరూ విడివిడిగా వచ్చి, విడివిడిగా దాని మీద దుమ్ము తుడిచి వెళ్లడం చూసి మామగారు ఒక పందెం పెట్టారు.

"నిలువుకీ అడ్డానికీ పద్నాలుగేసి గళ్ల చదరంగం బల్ల. పద్నాలుగు మంది మంత్రులు. ఒకళ్లనొకళ్లు కొట్టుకోకుండా ఎన్ని రకాలుగా నిలబెట్టొచ్చు? ఎవరి మెషీన్ జవాబు ముందు చెప్తే పెట్టె వాళ్లది. ఇద్దరు అల్లుళ్లు కొట్టుకోకుండా ఒక్క షాపులో కూర్చునే పద్ధతి నాకింతవరకూ దొరకలేదు. కనీసం మంత్రుల సంగతైనా తేలనీ."

పెద్దల్లుడి మెషీన్ ఆ లెక్కని డెబ్భై సెకన్లలో చేస్తోంది. అతను నిశ్చింతగా ఉన్నాడు. ఎనిమిదీ పదికి వంటింట్లో ఫోను మోగేవరకూ.

భార్య ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, మీ మెషీన్లో చిప్పులెన్ని?"

"పదహారు. ఏం?"

"ఏం లేదులెండి."

"ఏం లేకపోతే ఎందుకడిగావు?"

"చెల్లి ఫోను చేసింది. వాళ్లాయన ఇరవై నాలుగు పెట్టారట."

పెద్దల్లుడి చేతిలో తుడిచే గుడ్డ ఆగిపోయింది. ఇరవై నాలుగు. ఆ మనిషికి మొన్న మొన్నటిదాకా చిప్పు ఏ వైపు నుంచి గుచ్చాలో తెలీదు. ఫోను చేసి అడిగితే తనే చెప్పాడు. అంత మంచితనం పనికిరాదని అప్పుడే అనుకోవాల్సింది.

"సరే. నువ్వేమన్నావు?"

"మీవి ఇరవై అయిదు అన్నాను."

"ఎందుకలా అన్నావు?"

"అది నవ్విందండీ. దాని నవ్వు మీకు తెలీదు. పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. మా అమ్మ నా కొత్త గౌను దానికి ఇచ్చేసిన రోజున కూడా అలాగే నవ్వింది."

"ఇప్పుడు తొమ్మిది చిప్పులు ఎక్కణ్ణుంచి తేను? ఆదివారం షాపుల్లేవు."

"అదంతా నాకేం తెలుసు. ఇరవై అయిదు అనేశాను," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె వైపు నుంచి పని పూర్తయింది.

పెద్దల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. కింద అపార్టుమెంటు గేటు దానంతటదే తెరుచుకుని, ఒక కారుని లోపలికి రానిచ్చి, దానంతటదే మూసుకుంది. ఆ గేటుకి మెదడు పెట్టింది అతనే. ఈ మెషీన్లో వాడే చిప్పే.

అక్కడ మొదలైంది అసలు కథ.

గత రెండేళ్లలో అతను ఈ భవనానికి చేసిన ఉపకారాలు తక్కువేమీ కావు. అయిదు అంతస్తుల మెట్ల దగ్గర, మనిషి అలికిడి తగలగానే వెలిగే దీపాలు. అయిదు చిప్పులు. నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆపే పెట్టె. ఆరు. గేటు. ఏడు. కింద టైలరు ఇస్త్రీపెట్టెని మరిచిపోతే పది నిమిషాలకి ఆపేసే మీట. ఎనిమిది. రెండో అంతస్తు టీచరమ్మకి మాత్రల వేళ కాగానే మోగే డబ్బా. తొమ్మిది. పదహారూ తొమ్మిదీ కలిపితే ఇరవై అయిదు. లెక్క ఇంత చక్కగా కుదిరితే దాన్ని తప్పు అనుకోవడం ఎవరివల్లా కాదు.

ఒక సన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. చిప్పు కింద మొనపెట్టి కాస్త ఎత్తితే చాలు, పన్ను ఊడినట్టు ఊడి వస్తుంది. తీసిన ప్రతిచోటా ఒక కాగితం అంటించాడు. "మరమ్మతులో ఉంది. సాయంత్రానికి సిద్ధం." ఎవరికీ నష్టం లేదు. ఒక్క పూట. మోటారుని చేత్తో ఆపమని కాగితం కింద చిన్న అక్షరాల్లో రాద్దామనుకున్నాడు గాని, చివరి నిమిషంలో అంత చిన్నగా రాయడం కుదరలేదు.

టైలరు అద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"బాగానే ఉంది కదండీ, ఎందుకు పీకుతున్నారు?"

"పాడవకముందే చూసుకోవాలి."

"అంతేలెండి, మీరు శ్రద్ధగల మనిషి."

టీచరమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పిన ఆవిడకి, ఎవరైనా గబగబా మాట్లాడితే అనుమానం.

"బాబూ, ఒంటిగంటకి నా మాత్ర ఉంది. మోగకపోతే నేను మరిచిపోతాను."

"ఒక్క పూటేనమ్మా. మా ఆవిడ గుర్తుచేస్తుంది."

"మీ ఆవిడకి ఎవరు గుర్తుచేస్తారు?"

అతను నవ్వేసి చిప్పు జేబులో వేసుకున్నాడు. ఆ ప్రశ్న గురించి మళ్లీ ఆలోచించలేదు. ఆలోచించవలసింది.

ఒంటిగంటకల్లా తొమ్మిది చిప్పుల పాత జ్ఞాపకాలు చెరిపేసి, కూలీ పని నేర్పి, పలక మీద గుచ్చాడు. ఇరవై అయిదు ఎర్ర దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. అతనికి తోడల్లుడి మొహం కనిపించింది. లెక్క మొదలుపెట్టాడు.

మూడు నిమిషాల నలభై సెకన్లు.

పదహారుతో డెబ్భై సెకన్లు పట్టిన లెక్క. అతను గోడ గడియారాన్ని అనుమానించాడు. చేతి గడియారం కట్టుకుని మళ్లీ నడిపించాడు. మూడు నిమిషాల నలభై సెకన్లు.

నిజానికి సంగతి చాలా సామాన్యం. ఒక్క ఫోను ఉన్న ఇంట్లో ఇరవై అయిదు మంది చేరితే ఏమవుతుందో అదే అయింది. అందరూ ఒకే తీగ మీద మాట్లాడాలి. లెక్కకి ముందు మేస్త్రీ హాజరు వేస్తుంది. జనం ఎక్కువైతే మాటలు కలిసిపోకుండా అందరినీ నెమ్మదిగా మాట్లాడమంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ వరసగా, అయిందా, అయిందా అని అడుగుతుంది. పని చేసేవాళ్లకన్నా తమ వంతు కోసం కూర్చున్నవాళ్లే ఎక్కువ. ఈ విషయం ప్రశాంతంగా ఉన్నప్పుడైతే పెద్దల్లుడికి అయిదు నిమిషాల్లో తట్టేది. కాని ప్రశాంతంగా ఉండనివ్వకుండా అతని కళ్ల ముందు ఇరవై నాలుగు అనే అంకె ఎర్రగా వెలుగుతోంది.

తొమ్మిది తీసేస్తే సరిపోతుంది. కాని తీసేస్తే ఇరవై అయిదు ఉండవు. అందుకని అతను రెండో దారి పట్టాడు. ఒక్కో కూలీ జవాబు కోసం మేస్త్రీ ఎంతసేపు ఓపిక పట్టాలో ఆ ఓపికని సగానికి కోసేశాడు. రెండు నిమిషాల యాభై సెకన్లకి దిగింది. చాలనుకున్నాడు. తెర మీద కుడి పక్కన వచ్చిన జవాబు వైపు చూడలేదు. చూడవలసినది ఎడమ పక్కనున్న టైము అని అతనికి గట్టి నమ్మకం.

నాలుగింటికి మామగారి షాపులో బల్ల మీద పచ్చటి తెరతో ఆసిలోస్కోపు పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. చిన్నల్లుడు అప్పటికే వచ్చాడు. తన మెషీన్ మీద కప్పిన గుడ్డ తీశాడు. పెద్దల్లుడు లోపల్లోపల లెక్కపెట్టాడు. ఏడేసి దీపాలు, నాలుగు వరసలు. ఇరవై ఎనిమిది.

"ఇరవై నాలుగన్నారు కదా తమ్ముడూ."

"పొద్దున అంతేనండీ అన్నయ్యగారూ. మీవి ఇరవై అయిదని తెలిశాక డ్రాయరులో ఇంకో నాలుగు దొరికాయి," అన్నాడు చిన్నల్లుడు, చాలా వినయంగా.

ఆ వినయం పెద్దల్లుడి గుండెల్లో పిన్నీసులా గుచ్చుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ రెండు కుర్చీల్లో పక్కపక్కనే కూర్చుని, ఒకరి చీర ఒకరు మెచ్చుకుంటున్నారు గాని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

మామగారు గడియారం చేతిలోకి తీసుకున్నారు.

"అయిదింటి వరకూ ఎన్నిసార్లయినా పరిగెత్తించుకోండి. అన్నిట్లోకీ తక్కువ టైము ఎవరిదో వాళ్లది పెట్టె. కానివ్వండి."

మొదటి పరుగు. పెద్దల్లుడు రెండు యాభై. చిన్నల్లుడు రెండు నలభై. పది సెకన్లు. చిన్నల్లుడి భార్య నవ్వింది. పెద్దల్లుడి భార్య మొగుడి వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో రాబోయే పదేళ్ల సంభాషణలన్నీ ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే టైలరు వచ్చాడు. చేతిలో ఒక ప్యాంటు. దాని వెనకభాగంలో ఇస్త్రీపెట్టె ఆకారంలో కిటికీ తెరుచుకుని ఉంది.

"ఇది బ్యాంకు మేనేజరు గారిదండీ. ఆయన రేపు ఇది తొడుక్కునే ఆఫీసుకి వెళ్లాలి. నా చిప్పు నాకిచ్చేయండి."

"ఒక్క గంట ఆగు."

"గంట ఆగితే చొక్కా కూడా పోతుంది."

అంతలో అతని వెనక అపార్టుమెంటు కార్యదర్శి ప్రత్యక్షమయ్యాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు.

"ట్యాంకు పొంగి మెట్లన్నీ ఏరయ్యాయి. మెట్ల మీద దీపాల్లేవు. జారిపడతామేమోనని జనం గోడ పట్టుకుని దిగుతున్నారు. కారు బయటికి తీద్దామంటే గేటు తెరుచుకోదు. మీ కాగితం మాత్రం ప్రతిచోటా గట్టిగా అంటుకుని ఉంది. ఏమిటండీ ఇది?"

"మరమ్మతు."

"ఎక్కడ?"

పెద్దల్లుడి చూపు తన మెషీన్ మీదికి వెళ్లింది. దాంతో కార్యదర్శి చూపూ వెళ్లింది.

చిన్నల్లుడు కుర్చీ వెనక్కి వాల్చి, సినిమా టికెట్టు కొనుక్కుని వచ్చినవాడిలా చూస్తున్నాడు. "అడిగి తెచ్చుకున్నారనుకున్నా అన్నయ్యగారూ," అన్నాడు జాలిగా.

టైలరు ఒకటి, కార్యదర్శి ఏడు. ఎనిమిది చిప్పులూ పన్ను ఊడినట్టు ఊడి, వాళ్ల జేబుల్లోకి వెళ్లాయి. పదిహేడు మిగిలాయి. పెద్దల్లుడి చెవులు కాలిపోతున్నాయి. పలక మీద ఖాళీ గుంటలు దీపాలు ఆర్పేసిన కిటికీల్లా ఉన్నాయి. ఇక ఆసిలోస్కోపు తోడల్లుడి స్కూటరు మీద కూర్చుని వెళ్లిపోతుంది. మరణశిక్ష పడ్డవాడు తలకి నూనె రాసుకున్నట్టు, అతను రెండో పరుగు మీట నొక్కాడు.

డెబ్భై రెండు సెకన్లు.

మామగారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"పెద్దల్లుడూ, కూలీలు పారిపోతే పని జోరందుకుంది."

"ముందే అనుకున్నాను మామయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు కుర్చీని ముందుకి లాక్కున్నాడు. అతని మొహంలో వినయం కనిపించడం లేదు.

అయిదుకి పావుగంట ఉందనగా టీచరమ్మ వచ్చింది. తడిసిన చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, షాపు మెట్లు ఎక్కి, ఊపిరి పీల్చుకుని, పెద్దల్లుడి భార్యని చూసింది.

"మాత్ర వేసుకున్నానా లేదా, అమ్మాయీ?"

ఆమె నాలిక కరుచుకుంది.

"అనుకున్నాను. సొంతంగా గుర్తొచ్చి మూడింటికి వేసుకున్నాలే. బాబూ, నా డబ్బా లోపలి ముక్క."

పదహారు మిగిలాయి. మీట నొక్కితే అరవై అయిదు సెకన్లు. టీచరమ్మ తన చిప్పుని పర్సులో వేసుకుంది గాని వెళ్లలేదు. ఒక స్టూలు లాక్కుని కూర్చుని తెరల వైపు చూడసాగింది.

అప్పుడు చిన్నల్లుడికి అర్థమైంది. మనుషులు వచ్చి చిప్పులు పట్టుకుపోతున్న కొద్దీ తోడల్లుడు పైకి పోతున్నాడు. తన కోసం మాత్రం ఎవరూ రావడం లేదు. తన చిప్పులన్నీ డబ్బిచ్చి కొన్నవి. అడగడానికి వచ్చే నాథుడు లేడు. అతను గుమ్మం వైపు ఆశగా చూశాడు. వీధి ఖాళీగా ఉంది. జీవితంలో మొదటిసారి, ఇరుగుపొరుగు వచ్చి నిలదీసే మనిషిని చూసి అతనికి అసూయ కలిగింది.

"ఒక్కళ్లయినా లేరేమిటే మనకి?" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"మీరు ఎవరికైనా ఏమైనా చేసిపెడితే కదా," అంది ఆమె, గొంతు తగ్గించకుండా.

చిన్నల్లుడు స్క్రూడ్రైవరు తీసుకుని తనే తన చిప్పులు పీకడం మొదలుపెట్టాడు. ఇరవై. రెండు నిమిషాలు. పదహారు. డెబ్భై. అది చూసి పెద్దల్లుడు తనవి పీకాడు. పద్నాలుగు. అరవై. పన్నెండు. యాభై అయిదు. ఇద్దరి పక్కనా చిప్పులు కుప్ప పడుతున్నాయి. ఇద్దరూ చెమటలు కక్కుతూ, ఒకరి పలక వైపు ఒకరు ఓరగా చూసుకుంటూ పీకుతున్నారు. అయిదుకి రెండు నిమిషాలుందనగా చిన్నల్లుడు లెక్క నడుస్తుండగానే రెండు చిప్పులు లాగేశాడు. అతని తెర ఆగింది. నలభై ఎనిమిది.

"నలభై ఎనిమిది," అన్నాడు చిన్నల్లుడు లేచి నిలబడి. "మామయ్యగారూ, రాసుకోండి."

అతని భార్య నవ్వు షాపంతా నిండింది. పెద్దల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. అయిదు గంటలు కొట్టింది. మామగారు ఆసిలోస్కోపు మీద చెయ్యి వేశారు.

"ఒక్క నిమిషమండీ," అంది టీచరమ్మ. "మీరు అడిగిన ప్రశ్నకి జవాబెంత?"

అందరూ ఆమె వైపు చూశారు. పొద్దుటి నుంచీ ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ.

"కుడి పక్కన ఉంటుందమ్మా," అన్నాడు పెద్దల్లుడు.

"ఉంది. ఈ అబ్బాయిది మూడు లక్షల నలభై ఎనిమిది వేల అయిదు వందల యాభై మూడు. నీది మూడు లక్షల అరవై ఒక్క వేల తొమ్మిది వందల ఏడు. రెండూ తప్పే."

"ఎలా చెప్పగలరండీ?" అన్నాడు చిన్నల్లుడు. "మీరు లెక్క చెయ్యలేదు కదా."

"బల్ల పక్కన అద్దం పెట్టి చూడు. మంత్రులు ఒకలా నిలబడితే అద్దంలో ఇంకోలా నిలబడతారు. అదీ ఒక పద్ధతే. పద్నాలుగు గళ్లకి నట్టనడిమి గడి ఉండదు కాబట్టి ఏ పద్ధతీ తన నీడతో సరిపోదు. అంటే పద్ధతులన్నీ జంటలు జంటలుగానే వస్తాయి. జవాబు సరిసంఖ్య అయితీరాలి. మీ ఇద్దరివీ బేసి. రెండో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని నేనిది, చెప్పులు చూపించి."

పెద్దల్లుడికి తాను కోసేసిన ఓపిక గుర్తొచ్చింది. ఆలస్యమైన ప్రతి కూలీ జవాబునీ మేస్త్రీ వదిలేసి ముందుకు పోయింది. చిన్నల్లుడికి తాను లాగేసిన రెండు చిప్పులు గుర్తొచ్చాయి. అవి పోతూ పోతూ తమ వాటా మంత్రుల్ని కూడా తీసుకుపోయాయి.

మామగారు ఇద్దరినీ చూశారు. తర్వాత టీచరమ్మని చూశారు.

"అమ్మా, ఈ పెట్టె తీగలో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది. నచ్చినట్టు కాదు, ఉన్నట్టు. మీ ఇంట్లో చోటుందా?"

"ఉందండీ. కిటికీ పక్కన."

"నాన్నా," అన్నారు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే గొంతుతో. ఆ రోజు వాళ్లు ఏకీభవించిన విషయం అదొక్కటే.

"మోయండి అల్లుళ్లూ," అన్నారు మామగారు. "చెరో పక్కా పట్టుకోండి."

కార్యదర్శి తన ఏడు చిప్పుల్నీ ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. వాటిని తిరిగి గుచ్చడం అతనికి రాదు. అందుచేత తోడల్లుళ్లిద్దరూ ఆసిలోస్కోపుని దీపాల్లేని, తడిసిన మెట్ల మీదుగా రెండో అంతస్తుకి మోశారు. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకున్నారు.

"నావీ పొద్దుటిదాకా పదహారేనండీ అన్నయ్యగారూ, మిగతావి డ్రాయరులో పడి ఉండేవి," అన్నాడు చిన్నల్లుడు చీకట్లో. "డెబ్భై సెకన్లలో చేసేది. జవాబు కూడా సరిసంఖ్యే వచ్చేది. ఆ ఇరవై నాలుగు మా ఆవిడ సొంతంగా పెట్టిన అంకె."

"ఇరవై అయిదు మా ఆవిడది," అన్నాడు పెద్దల్లుడు.

ఇద్దరూ ఆ పెట్టెని మళ్లీ ఎత్తి, మిగిలిన మెట్లు ఎక్కారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరూ టీచరమ్మ ఇంటికి వెళ్లి, చెరో గంట ఆసిలోస్కోపు ముందు కూర్చుంటారు. జవాబు సరిచూసి సంతకం పెట్టందే ఆవిడ స్విచ్చి వెయ్యనివ్వదు. పెద్దల్లుడి మెషీన్ ఇప్పుడు పది చిప్పులతో సరైన జవాబే ఇస్తోంది గాని, చిన్నల్లుడు తొమ్మిదితో నెట్టుకొస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి అతనికి ఆ పదోది కంట్లో నలుసులా ఉంది.